నైరుతి పల్లం

పర్చూరు మండలంలో ఒక షావుకారు ఉండేవాడు. ఆ మండలం అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాకు పోయింది. షావుకారు ఎరువులూ పురుగుమందులూ అప్పుకి ఇచ్చేవాడు. పంట చేతికొచ్చాక పత్తీ మిరపకాయలూ తనే కొనేవాడు. పత్తి జిన్నింగు మిల్లుకి పోయేది. కాయలు గుంటూరు యార్డుకి పోయేవి. ఏడాది కారం కొట్టించుకుందామని చీరాల నుంచీ ఒంగోలు నుంచీ వచ్చేవాళ్ళకి పదేసి, ఇరవయ్యేసి కిలోలు కొట్లోనే అమ్మేవాడు.

ఆయనకొక అంబాసిడర్ కారు ఉండేది. 1988 మోడలు, మార్క్ ఫోర్, డీజిలు. 2012లో సంక్రాంతి వెళ్ళిన కొత్తల్లో ఆ కారు వెనక ఎడమ పక్క కుంగి ఉందని బయటపడింది.

ముందు కనిపెట్టింది షావుకారు బావమరిది. ఆయన వాస్తు చూస్తాడు. కారు కొట్టు ముందు ఉత్తరముఖంగా నిలబడి ఉంది. బావమరిది వెనక నిలబడి ఒక కన్ను మూసి చూశాడు.

"బావా, నైరుతి పల్లమైంది."

ఇంటికి గానీ, స్థలానికి గానీ నైరుతి ఎత్తుగా ఉండాలి. పల్లమైతే యజమానికి నష్టం. షావుకారు మొహం మాడింది. డ్రైవరు ఊరుకోకుండా కారు తిప్పి దక్షిణముఖంగా పెట్టాడు. ఇప్పుడు పల్లం ఈశాన్యంలో పడింది. ఈశాన్యం పల్లంగా ఉంటే ఐశ్వర్యం. బావమరిది కూడా అదే మాట అన్నాడు. ఆ పూటకి షావుకారు కుదుటపడ్డాడు.

అయితే పని ఎక్కువగా గుంటూరులో. గుంటూరు ఉత్తరాన ఉంది. ఒంగోలు వెళ్ళినంతసేపూ ఐశ్వర్యం, గుంటూరు వెళ్ళినంతసేపూ నష్టం. ఆ నెలలో యార్డులో కాయల రేటు రెండుసార్లు పడింది. షావుకారు కారు బాగుచేయించాలని నిశ్చయించాడు.

మొదట టైర్ల కొట్టుకి వెళ్ళింది. గాలి చూశారు. ఎడమ టైరు తీసి కుడికి, కుడిది ఎడమకి వేశారు. కుంగుడు ఎడమ పక్కే ఉండిపోయింది.

తర్వాత గుంటూరు ఆటోనగర్‌కి వెళ్ళింది. అంబాసిడర్‌కి వెనక పక్క కమాను కట్టలుంటాయి. లారీకి ఉన్నట్టే, పట్టీ మీద పట్టీ. ఏళ్ళ తరబడి బరువు మోస్తే పట్టీల వంపు తగ్గుతుంది. ఒక్కోసారి లోపలి పట్టీ విరిగి పైకి కనపడదు. కట్టను పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగినా, షాకిల్ బుష్షు అరిగినా ఆ పక్క దిగుతుంది. ఆటోనగర్‌లో రెండు కట్టలూ ఊడదీసి పక్కపక్కన పెట్టారు. రెండింటి వంపూ ఒకటే. పట్టీ ఏదీ విరగలేదు. బోల్టులు బాగానే ఉన్నాయి. అయినా ఖాళీగా పంపడం ఎందుకని బుష్షులు కొత్తవి వేశారు. ఎడమ కట్ట కుడికీ, కుడి కట్ట ఎడమకీ మార్చి బిగించారు. బిల్లు ఇచ్చారు.

కారు చిలకలూరిపేట దాటేసరికి మళ్ళీ నైరుతి పల్లం.

అల్లుడు హైదరాబాదులో ఇంజనీరు. ఫోన్లో సంగతంతా విన్నాడు.

"మామయ్య గారూ, ముందు బరువు చూడండి. వెనక పక్క బరువు ఎక్కువైందేమో."

షావుకారుకి ఆ మాట నచ్చింది. లెక్కకి అందే మాట ఏదైనా ఆయనకి నచ్చుతుంది. కారు వెంటబెట్టుకుని జిన్నింగు మిల్లు వేబ్రిడ్జికి వెళ్ళాడు. తన పత్తి లారీలు తూగేది కూడా దాని మీదే. డిక్కీలోంచి గొడుగు తీయించాడు. నీళ్ళ క్యాను తీయించాడు. కారు ఎక్కించాక డ్రైవర్ని కూడా కిందికి దింపాడు.

"నీ బరువు నాకెందుకురా?"

ముందు చక్రాలు మాత్రం ఎక్కిస్తే 640 కిలోలు. వెనక చక్రాలు మాత్రం ఎక్కిస్తే 560. కారంతా ఎక్కిస్తే 1,200. మిల్లు వాళ్ళు చీటీ కొట్టిచ్చారు. షావుకారు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

అల్లుడు అంకెలు విన్నాడు.

"వెనక బరువేం ఎక్కువ లేదండీ. ఎడమ ఎంతో, కుడి ఎంతో తెలియాలి. అది వేబ్రిడ్జి మీద తేలదు. ఎవరైనా పాత మేస్త్రీకి చూపించండి."

పాత మేస్త్రీ చీరాలలో దొరికాడు. ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు షెడ్డు కూడా లేదు. పిలిస్తే సంచీ తీసుకుని వస్తాడు, లేకపోతే రేడియో వింటూ కూర్చుంటాడు. మర్నాడు ఉదయం బస్సు దిగి కొట్టు దగ్గరికి వచ్చేసరికి అక్కడ కాటా నడుస్తోంది. ఒక ట్రాక్టరు ట్రక్కు నిండా మిరప టిక్కీలు, అంటే గోతాలు. ముగ్గురు రైతులు. కల్లంలో ఆరిన కాయ ఎండ ఎక్కేకొద్దీ ఇంకా తేలికవుతుంది కాబట్టి వాళ్ళు తెల్లారకముందే తెచ్చారు. హమాలీలు ఒక్కో టిక్కీ కాటా మీద పెడుతున్నారు. అంకె ఎర్రగా వెలుగుతోంది. గుమాస్తా పైకి చదివి పుస్తకంలో రాస్తున్నాడు. గోతానికి కిలో తరుగు తీస్తున్నాడు. గోనె బరువు ఉంటుంది కదా.

మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డిక్కీ తెరిచాడు. ఎడమ మూల రెండు గోతాలున్నాయి.

"ఇవేందండీ?"

"మచ్చు కాయలు," అన్నాడు గుమాస్తా. సరుకు చూసేటప్పుడు టిక్కీకి దోసెడు తీస్తారు. తీసింది మళ్ళీ టిక్కీలోకి వెళ్ళదు. "నిన్నటివి. రోజూ ఇలాగే ఇంటికి పోతాయి."

"దించండి. ఖాళీ కారు చూడాలి."

దించారు. కారు వెనక ఎడమ పక్క కొంచెం లేచింది. కానీ సమం కాలేదు.

మేస్త్రీ సంచీలోంచి పొడవాటి ప్లాస్టిక్ గొట్టం తీసి నీళ్ళు నింపాడు. గోడలు కట్టే తాపీ మేస్త్రీలు లెవెలు చూసుకునే గొట్టం. కొట్టు ముందు సిమెంటు చేసిన నేలని ఆ గొట్టంతో కొలిచాడు. అటూ ఇటూ అరంగుళం తేడా ఉంది. అక్కడిది నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. దాని మీద పోసిన సిమెంటు ఎక్కడా సమంగా ఉండదు.

"వాలు నేలదో, కారుదో ముందు తేల్చాలి," అన్నాడు.

కారుని అదే చోట తల ఉన్నవైపుకి తోక వచ్చేట్టు తిప్పించాడు. నేల వాలైతే ఇప్పుడు కుడి పక్క కుంగాలి. కుంగలేదు. ఎడమ పక్కే.

టేపు తీశాడు. నేల నుంచి కొలవలేదు. చక్రం నడిమధ్య నుంచి నిటారుగా పైనున్న మడ్‌గార్డు అంచు దాకా కొలిచాడు. అలా కొలిస్తే టైరులో గాలి తేడా, నేల తేడా లెక్కలోకి రావు. వెనక ఎడమ పక్క కుడి కన్నా అంగుళంపావు తక్కువ. ముందు పక్కకి వెళ్ళాడు. అక్కడ కూడా కొలిచాడు. కుడి పక్క ఎడమ కన్నా అరంగుళం ఎక్కువ ఉంది.

"ముందు పక్క ఇంతకుముందు ఎవరైనా కొలిచారా?"

"జబ్బు వెనకయితే ముందు ఎవడు కొలుస్తాడయ్యా?" అన్నాడు షావుకారు.

మేస్త్రీ జవాబు చెప్పలేదు. జాకీ తీసుకుని ముందు పక్క బీము నడిమధ్యన పెట్టాడు. జాకీ నెత్తిన చిన్న చెక్కముక్క. ముందు చక్రాలు రెండూ నేల విడిచేదాకా ఎత్తాడు. కారు ముందు భాగం ఇప్పుడు ఒకే చుక్క మీద ఆని ఉంది. ఎటు వాలదలుచుకుంటే అటు వాలొచ్చు. వెనక పక్క మాత్రం తన కట్టల మీద తను నిలబడింది. వెళ్ళి వెనక కొలిచాడు. ఎడమా కుడీ నూలు తేడా లేదు.

"వెనక కట్టలకి ఏ రోగమూ లేదండీ. లోపం ముందు ఉంది."

కొట్టు ముందు నవ్వులు లేచాయి. వెనక కుంగితే ముందు రోగమా అన్నారు. మేస్త్రీ ఓపిగ్గా చెప్పాడు. అంబాసిడర్‌కి ముందు పక్క కమాను కట్టలుండవు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఒక కారు ఉండేది. దాన్నే కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పేరుతో చేశారు. దానికున్నట్టే దీనికీ ముందు చక్రానికొకటి చొప్పున పొడుగాటి ఉక్కు కడ్డీలుంటాయి. టార్షన్ బారు అంటారు. చక్రం గుంటలో పడితే కడ్డీ మెలితిరుగుతుంది, మళ్ళీ విప్పుకుంటుంది. కడ్డీ కొసకి పళ్ళుంటాయి. బిగించేటప్పుడు ఒక పన్ను అటూ ఇటూ అయితే ఆ మూల లేస్తుంది, లేదా దిగుతుంది. ముందు కుడి మూల ఎక్కువ లేస్తే బండి దానికి ఎదురు మూలకి వాలుతుంది. ఎదురు మూల అంటే వెనక ఎడమ.

"కుక్కిమంచం ఒక కోడు పెద్దదైతే కోనాకోనీ ఊగుతుంది చూడండి, అదీ లెక్క."

రైతుల్లో ఒకడు తల ఊపాడు. షావుకారు ఊపలేదు.

"ముందు కుడి పక్క ఎప్పుడైనా విప్పారా?" అని మేస్త్రీ డ్రైవర్ని అడిగాడు.

"రెండేళ్ళ కింద మార్టూరు దగ్గర ట్రాక్టరు తగిలింది. అప్పుడు విప్పి బిగించారు."

"ఇంకేం మరి?"

"ఇంకేం మరి అంటే కుదరదు," అన్నాడు షావుకారు. "కంటితో చూసి చెప్పే మాట నేను నమ్మను. ఆటోనగర్‌లో కూడా కంటితో చూసే చెప్పారు. నా కొట్టు ముందు కాటా ఉంది. ఐదొందల కిలోలు తూస్తుంది. ఒక్కో చక్రం తూచి చూపించు. ముందు కుడి, వెనక ఎడమ బరువని అంకె పడితే అప్పుడు విప్పు."

"ఒక్కో చక్రం తూయడం మంచిదేనండీ. శ్రమ ఎక్కువ."

"శ్రమకేం? హమాలీలున్నారు. నేను పుట్టి బుద్ధెరిగిన కాడ్నించీ మనిషిని నమ్మలేదయ్యా. కాటాని నమ్మాను. ఇదిగో ఈ రైతులు ఇరవయ్యేళ్ళుగా నా దగ్గరికే వస్తున్నారు. ఎందుకొస్తున్నారు? కాటాని చూసి."

రైతులు అప్పు పుస్తకం వైపు చూశారు.

మిరప కాటా ఆగింది. ఒక రైతువి ఇరవై రెండు టిక్కీలు అప్పటికే తూగాయి. అతను చీటీ చేతబట్టుకుని పక్కన నిలబడ్డాడు. మిగతా ఇద్దరి సరుకు ట్రక్కులోనే ఉంది. హమాలీలు కాటాని తెచ్చి కారు పక్కన పెట్టారు.

మేస్త్రీ వెంటనే తూయనివ్వలేదు. కాటా పళ్ళెం నేలకి నాలుగంగుళాల ఎత్తున ఉంది. ఒక చక్రం దాని మీదికెక్కి తక్కిన మూడూ నేల మీద ఉంటే అంకె తప్పొస్తుంది. మూడు చక్రాల కిందా సరిగ్గా అంతే ఎత్తు చెక్కలు పెట్టించాడు. నీళ్ళ గొట్టంతో నాలుగు మూలలూ సరిచూశాడు. ఒకచోట అట్టముక్క దోపించాడు. గేరు న్యూట్రలు చేయించాడు. హ్యాండ్ బ్రేకు వదిలించాడు. కారు ఎక్కాక బానెట్టు మీదా డిక్కీ మీదా నొక్కి నాలుగుసార్లు ఊపించాడు, కట్టలు వాటి చోట అవి సర్దుకోవడానికి. ఇంత తంతు ఎందుకని గుమాస్తా విసుక్కున్నాడు.

షావుకారు అతన్ని కసిరాడు.

"తూకమంటే తమాషా అనుకున్నావా? అరకిలో తేడా వచ్చినా తూకం తూకం కాదు. మేస్త్రీ చెప్పినట్టు చెయ్యి."

కాటా మొదట సున్నా చూపించింది. మేస్త్రీ సున్నా ఉందని షావుకారుకి చూపించాడు. షావుకారు రైతులకి చూపించాడు.

ముందు కుడి చక్రం ఎక్కింది. 332.5.

ముందు ఎడమ. 275.5.

వెనక ఎడమ. 294.5.

వెనక కుడి. 237.5.

గుమాస్తా మిరప పుస్తకంలోనే ఆ రోజు పేజీలో కింద రాశాడు. చక్రం చక్రానికీ కాటా జరపడం, చెక్కలు మార్చడం, లెవెలు చూడడం. నాలుగూ అయ్యేసరికి ఎండ ముదిరింది.

మేస్త్రీ చాక్‌పీసుతో సిమెంటు మీద కూడికలు వేశాడు. కుడి పక్క రెండు చక్రాలూ 570. ఎడమ పక్క రెండూ 570.

"చూశారా? బండి ఏ పక్కకీ బరువు లేదు. అందుకే పక్కలు చూసినవాళ్ళకి రోగం దొరకలేదు." తర్వాత కోనాకోనీ కూడాడు. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 627. ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 513. "ఇక్కడుంది. నూట పధ్నాలుగు కిలోల తేడా. రెండు కాళ్ళ మీదే ఎక్కువ బరువు పడుతోంది."

ఈసారి షావుకారు తల ఊపాడు.

"అంకె అంటే అదీ. ఇప్పుడు నమ్ముతాను. విప్పు."

మేస్త్రీ సంచీ దగ్గరికి వెళ్ళబోయాడు. షావుకారుకి అంతలో ఏదో తోచింది. ఏ లెక్కనైనా రెండోసారి సరిచూడకపోతే ఆయనకి అన్నం సహించదు. జేబులోంచి మిల్లు చీటీ తీసి మడతలు విప్పాడు.

"మొత్తం ఎంతొచ్చింది?"

గుమాస్తా కూడాడు. "వెయ్యిన్నూట నలభై అండీ."

"ఇందులో వెయ్యిన్ని రెండొందలు ఉందే?"

గుమాస్తా మళ్ళీ కూడాడు. 1,140. మేస్త్రీ చాక్‌పీసుతో కూడాడు. 1,140. ముందు పక్క 640 ఉండాల్సింది 608 ఉంది. వెనక పక్క 560 ఉండాల్సింది 532 ఉంది.

"అరవై కిలోలు ఏమైనట్టు?" అన్నాడు షావుకారు. చూపు డ్రైవరు మీదికి తిరిగింది. "నిన్న రాత్రి డీజిలు తీశావా?"

"లేదండీ."

"ట్యాంకు మొత్తం తోడినా అరవై కిలోల డీజిలు రాదండీ," అన్నాడు మేస్త్రీ.

"స్టెప్నీ ఉందా?"

ఉంది. జాకీ, పానాలు ఉన్నాయి. వెనక సీటు ఉంది. నిన్న ఉన్నవన్నీ ఇవాళా ఉన్నాయి.

"అయితే నిన్న వేబ్రిడ్జి మీద నువ్వు కార్లోనే కూర్చుని ఉంటావు. నీ బరువు కలిసింది."

"మీరే దింపారు కదండీ. నీ బరువు నాకెందుకురా అన్నారు."

షావుకారు చీటీని ఎండకి పట్టి చూశాడు.

"అయితే వేబ్రిడ్జి తప్పు. అది ఎక్కువ చూపిస్తోంది."

"మన పత్తి లారీలు కూడా అక్కడే తూగుతాయి కదండీ," అన్నాడు డ్రైవరు.

గుమాస్తా దగ్గాడు. ఎవరూ ఏమీ అనలేదు. షావుకారు చీటీ మళ్ళీ మడతపెట్టాడు.

"వేబ్రిడ్జి తప్పని నేనెక్కడన్నాను? అల్లుడు గారిని అడగాలి అంటున్నాను."

మేస్త్రీ చాక్‌పీసు పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"అడగక్కర్లేదు లెండి. మొత్తం తగ్గినా నా పనికి ఇబ్బంది లేదు. ముందు నూటికి ఐదు తగ్గింది, వెనకా నూటికి ఐదే తగ్గింది. నాలుగు చక్రాలకీ ఒకటే తరుగు. కాబట్టి ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న లెక్క మారదు."

ఇరవై రెండు టిక్కీల రైతు చేతిలోని చీటీ వైపు చూసుకున్నాడు. గోతానికి కిలో చొప్పున తీసిన తరుగు దాని మీద విడిగా రాసి ఉంది. అతను చీటీ తిరగేశాడు. వెనక ఏమీ లేదు. మళ్ళీ ముందుకి తిప్పాడు.

షావుకారు కొట్టు లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసినట్టు ఇచ్చిన కాగితం అక్కడ గోడకి, వెంకటేశ్వరస్వామి పటం పక్కనే ఉంది. కాటాకి ఏడాదికోసారి ముద్ర పడాలి. ఆ ఏడాది ముద్ర పడింది. తారీఖు కూడా సరిగ్గానే ఉంది.

మేస్త్రీ మధ్యాహ్నమంతా కారు కిందే ఉన్నాడు. కుడి పక్క టార్షన్ బారు బిగువు వదిలించి, కొస ఊడదీసి, ఒక పన్ను వెనక్కి జరిపి బిగించాడు. అంత పెద్ద కారుని అంగుళంపావు వాల్చింది ఆ ఒక్క పన్నే. చక్రం వేసి, జాకీ దించి, ఊరి చివర చెరువు దాకా నడిపించుకుని వచ్చాడు. టేపు పెట్టాడు. వెనక రెండు పక్కలా ఒకటే ఎత్తు.

షావుకారు బయటికి వచ్చాడు. కారు వెనక నిలబడి ఒక కన్ను మూసి చూశాడు. నైరుతి లేచింది. అయినా మనసు ఒప్పలేదు.

"ఇంకోసారి తూయించు."

ఇంకోసారి చెక్కలు, అట్టముక్క, నీళ్ళ గొట్టం. ఒక కోన 570. రెండో కోన 570. మేస్త్రీ పనితనానికి హమాలీలు కూడా ఆహా అన్నారు. మొత్తం మళ్ళీ 1,140 వచ్చింది. ఈసారి షావుకారు జేబులోని చీటీ తీయలేదు.

"మజూరీ ఎంతయ్యా?"

"డబ్బు వద్దు లెండి. పెద్దమ్మాయి కాపురం బెజవాడలో. ఏటా ఈ రోజుల్లో కారం పంపిస్తాను. తేజ కాయలు ఇరవై కిలోలు ఇప్పించండి చాలు."

షావుకారు ఒక్క క్షణం లెక్క చూసుకున్నాడు. ఆటోనగర్ బిల్లుకన్నా తక్కువ. సంతోషించాడు.

"ఇరవై ఏం కర్మ? మంచి కాయ, తాలు లేకుండా ఏరించి ఇస్తాను. మా ఇంటి ఆడపిల్ల అనుకో."

కొట్లో ఏరి పోసి ఉంచిన తేజ కాయలు ఒక హమాలీ గోతంలోకి ఎత్తాడు. కాటా ఇంకా కారు పక్కనే ఉంది. చెక్కలూ తీయలేదు. హమాలీ గోతం తెచ్చి దాని మీద నిలబెట్టాడు. అంకె ఎర్రగా వెలిగింది. పదిహేడు. ఇంకో రెండు చేటలు పోశాడు. పద్దెనిమిదిన్నర. మేస్త్రీ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ముగ్గురు రైతులూ చూస్తున్నారు. పంతొమ్మిదిన్నర. హమాలీ ఇంకో చేట తేవడానికి వంగాడు.

షావుకారు ఒక్క అంగలో వచ్చి గోతం మూతి పట్టుకున్నాడు.

"బుద్ధుందంట్రా నీకు? అది కొనే కాటా! అమ్మే కాటా లోపలుంది, పట్రా!"